గిగాల్ కోట్ దు రోన్: మారతహళ్ళిలో ఒక వాదం

మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర సాయంత్రం పూట గుంటూరు, నెల్లూరు, హైదరాబాదు బస్సుల కోసం ఎదురుచూసే జనంలో ఎటు చెవి పెట్టినా తెలుగే వినిపిస్తుంది. ఆ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో కొన్నింట ఆదివారం భోజనానికి ఇప్పుడు రెడ్ వైన్ కూడా వచ్చి చేరింది. అయితే ఆ వైన్ గురించి తెలుగులో నిలకడగా మాట్లాడుకోవడం ఇంకా అలవాటు కాలేదు. ఫ్రెంచి పేరు చూసి మెచ్చుకుంటాం, లేదంటే ధర చూసి తిట్టుకుంటాం. రుచి దాకా మాట రాదు. అందుకే ఈ సంవాదం రాశాను. ఇందులో అక్కా తమ్ముళ్ళు నేను కల్పించినవాళ్ళు. అక్కది మారతహళ్ళిలో కాపురం, తినే సరుకుల రుచిని పరీక్షించే ఉద్యోగం. తమ్ముడిది గుంటూరులో మిర్చి వ్యాపారం. వాళ్ళ ముందున్న సీసాలు మాత్రం నిజమైనవి. ఒకటి ఫ్రాన్సుకు చెందిన గిగాల్ వారి కోట్ దు రోన్ రెడ్. రెండోది నంది కొండల దిగువన దొడ్డబళ్ళాపురంలో తయారయ్యే గ్రోవర్ లా రిజర్వ్.

తమ్ముడు: ముందు ఒక్కటి చెప్పక్కా. ఈ ఫ్రెంచి సీసాలో ఏ ద్రాక్ష ఉంది?

అక్క: మూడు రకాలు. దాదాపు సగం షిరాజ్. ఫ్రెంచివాళ్ళు దాన్నే సిరా అంటారు. తర్వాతి పెద్ద వాటా గ్రెనాష్. కొద్దిగా ముర్వెద్ర్. వాటాలు ఏటేటా కాస్త అటూ ఇటూ మారతాయి.

తమ్ముడు: తోట ఎక్కడ?

అక్క: ఒక తోటని చెప్పలేం రా. రోన్ నది దక్షిణ భాగంలో చాలామంది రైతుల దగ్గర కొన్న సరుకు అది. దాన్ని ఉత్తరాన అంపుయి అనే ఊళ్ళో ఉన్న గిగాల్ వాళ్ళు తెచ్చి కలుపుతారు. ఆ తోటలకీ ఈ ఊరికీ మధ్య నూటయాభై కిలోమీటర్లకు పైనే ఉంటుంది.

తమ్ముడు: మా వ్యాపారంలో దీన్ని మిక్సింగ్ అంటారు. తేజ కాయలో ఘాటెక్కువ. బ్యాడిగిలో రంగు బాగా వస్తుంది గానీ మంట ఉండదు. రెండూ కలిపి ఆడిస్తే కొనేవాడికి రంగూ దక్కుతుంది, మంటా దక్కుతుంది. అందులో మోసమేమీ లేదు. కానీ నిరుటి కోల్డ్ స్టోరేజీ కాయ వదిలించుకోవాలన్నా, తాలు కాయ కనపడకుండా చెయ్యాలన్నా దారి అదే. అందుకని కలిపిన సరుకంటే నేను మొదట అనుమానంగానే చూస్తాను. ఎవరు పండించారో తెలియదు, ఏ నేలో తెలియదు. కలిపినవాడి పేరొక్కటే సీసా మీద మిగులుతుంది.

అక్క: అనుమానించు, వద్దనను. అయితే కారం విషయంలో నువ్వు వేసే పరీక్షే దీనికీ వెయ్యి. ఒక రకాన్ని తీసేస్తే ఏం పోతుంది? ఏమీ పోకపోతే అది బరువు కోసం వేసిందే. ఈ వైన్లోంచి షిరాజ్ తీసేశామనుకో. గ్రెనాష్ తోలు పలచన, రంగు తక్కువ. ఎండకు పండిపండి దానిలో తీపి బాగా పెరుగుతుంది. ఆ తీపంతా పులిసి ఆల్కహాల్ అవుతుంది. గాలి తగిలితే త్వరగా వాడిపోయే గుణం కూడా దానికుంది. ఒంటరిగా వదిలితే చాలాసార్లు తియ్యని వాసనతో, గొంతులో వేడితో, నడుం లేని వైన్ అవుతుంది. ఇప్పుడు గ్రెనాష్ తీసేసి షిరాజ్ ఒక్కటే ఉంచు. రంగుంటుంది, వగరుంటుంది. కానీ ఆ దక్షిణపు వేడిలో పండిన షిరాజ్ తరచు బిగుసుకుపోతుంది, వాసన మూసుకుపోతుంది. దానికి గాలి కావాలి. గ్రెనాష్ గాలికి భయపడుతుంది. రెండింటినీ కలిపి పెద్ద ఓక్ పీపాల్లో ఏడాదిన్నర దాకా ఉంచుతారు. అలా ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. ముర్వెద్ర్ కొంచెమే అయినా చివర్లో వగరు నిలబెడుతుంది. మూడింటిలో ఏది తీసినా నాలుకకు తెలుస్తుంది. ఇది దాచే మిక్సింగ్ కాదు.

తమ్ముడు: మరి రోన్ వాళ్ళందరూ ఇలాగే కలుపుతారా?

అక్క: లేదు, ఈ సీసాను పట్టించుకోవాల్సింది అందుకే. మామూలు కోట్ దు రోన్ రెడ్‌లో గ్రెనాష్‌దే పెద్ద పీట. గిగాల్ వాళ్ళు దాన్ని తిరగేసి షిరాజ్‌ని ముందుకు తెచ్చారు. ఎత్యెన్ గిగాల్ 1946లో అంపుయిలో ఈ కంపెనీ పెట్టాడు. అంతకుముందు అదే ఊళ్ళో విడాల్-ఫ్లూరీ అనే పాత సంస్థలో పనిచేశాడు. 1980లలో ఆ సంస్థనే గిగాల్ కుటుంబం కొనేసింది. అంపుయి అంటే కోట్-రోటీ కొండవాలు. అక్కడ ఎర్ర ద్రాక్షంటే షిరాజే. ఆ రుచికి అలవాటైన కుటుంబం దక్షిణపు సరుకు కొని, తమ ఉత్తరపు నాలుకతో కలుపుతోంది. నువ్వు గ్లాసులో తాగుతున్నది ఆ నిర్ణయాన్ని.

తమ్ముడు: సరిగ్గా నా ఫిర్యాదూ అదే. నేల రుచి పక్కకుపోయి వ్యాపారి రుచి మిగిలింది. ఫ్రెంచివాళ్ళు ఊరిని పట్టి వైన్ విలువ కడతారంటారే! 1935లో దానికోసం ఒక సంస్థే పెట్టుకున్నారు, 1937లో ఈ కోట్ దు రోన్‌కి హద్దులు గీశారు. హద్దు లోపల 170కి పైగా ఊళ్ళున్నాయి. అన్ని ఊళ్ళను కలిపి ఒక ఊరి పేరులా సీసా మీద వేస్తే, ఆ పేరుకు అర్థమేం మిగిలింది?

అక్క: పెద్దగా మిగల్లేదు. ఒప్పుకుంటాను. కోట్ దు రోన్ అన్న మాట నీకు ఎండ ఎక్కువున్న ప్రాంతమనీ, మిస్త్రాల్ గాలి తోటల్ని ఆరబెట్టే చోటనీ, ఏయే ద్రాక్షలు వాడొచ్చో నియమం ఉందనీ చెబుతుంది. అంతకుమించి చెప్పదు. అందుకే అదే లోయలో జిగోందాస్, షాతోనెఫ్-దు-పాప్ లాంటి ఊళ్ళు విడిగా తమ పేరు తెచ్చుకున్నాయి. వాటి ధరా విడిగానే ఉంటుంది. కోట్ దు రోన్ అడుగు మెట్టు. అడుగు మెట్టులో బాగా చేసినది అని దీన్ని మెచ్చుకుంటాను, పై మెట్టు వాటితో పోల్చను.

ఇక్కడ నా మాట ఒకటి. వైన్ మీద మన దగ్గర వచ్చే రాతల్లో ఈ మెట్ల సంగతి చెప్పకుండానే ఫ్రెంచి వైన్ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. గుంటూరు మిర్చి అన్నంత మాత్రాన ఏం తెలిసినట్టో, ఫ్రెంచి వైన్ అంటే అంతే తెలిసినట్టు. చదివేవాళ్ళకు ఇది అన్యాయం.

తమ్ముడు: సరే, రుచికొద్దాం. నీకేం తగులుతోంది?

అక్క: రంగు ముదురు, అంచున కొద్దిగా ఊదా. మొదట నల్ల నేరేడు, తర్వాత ఎండిన ప్లమ్. దాని వెనకాలే మిరియం. నోట్లో వగరు మెత్తగానే ఉంది, చిగుళ్ళను పట్టి లాగదు. పులుపు మధ్యస్థం. చివర తొందరగా తెగిపోతుంది. మింగాక నాలుగైదు సెకన్లకే రుచి ఖాళీ అవుతోంది. దీనిలో నాకు కనిపించే అసలు లోపం అదే.

తమ్ముడు: నేరేడు సరే. మిరియం నాకు రాలేదు. నేను మసాలా దినుసుల మధ్య బతికేవాణ్ణి. లేని వాసన ఉందంటే నమ్మను.

అక్క: ఉంది, కానీ నీ ముక్కుకు అందడం లేదేమో. షిరాజ్‌లో మిరియం వాసనకు కారణమైన పదార్థాన్ని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో పట్టుకున్నారు. దాని పేరు రొటండోన్. మిరియాల్లో ఉండేదీ అదే పదార్థం. వాళ్ళు పరీక్షించినవాళ్ళలో దాదాపు ఐదో వంతు మందికి అది ఎంత మోతాదులో ఇచ్చినా వాసన తెలియలేదు.

తమ్ముడు: మిరియాలు వాసన చూసి ఏవి పాతవో చెప్పేస్తాను నేను!

అక్క: చెప్పగలవు. మిరియంలో ఇంకా చాలా వాసనలున్నాయి, వాటిని పట్టుకుని గుర్తుపడతావు. వైన్లో ఆ మిగతావేవీ లేవు. అందుకే నీ గ్లాసులోనూ నా గ్లాసులోనూ ఒకే వైన్ ఉన్నా, మనం తాగుతున్నవి రెండు వేరు వైన్లు కావచ్చు.

తమ్ముడు: అలాగైతే ఈ విమర్శలకు విలువేముంది? 2001లో వెలువడిన బోర్డో ప్రయోగం గురించి నేనూ చదివాను. తెల్ల వైన్లో రుచీ వాసనా లేని ఎర్ర రంగు కలిపి, వైన్ చదువు చదివే 54 మందికి ఇచ్చారు. ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వాళ్ళు దాన్ని వర్ణించారు. చదువుకున్నవాళ్ళే రంగు చూసి మోసపోతే, నీ నేరేడూ ప్లమ్మూ నన్నెందుకు నమ్మమంటావు?

అక్క: వాసన పేర్ల దగ్గర నన్ను పూర్తిగా నమ్మకు. నేరేడు అన్నది నా జ్ఞాపకం, నీకు ద్రాక్ష రసంలా ఉండొచ్చు. కానీ వగరు ఎంత, పులుపు ఎంత, మంట ఎంత, రుచి ఎంతసేపు నిలిచింది, ఇవి నాలుకతో కొలుచుకునేవి. మనిద్దరం విడివిడిగా కాగితం మీద రాసుకుంటే చాలావరకు కలుస్తాయి. ఈ వైన్ తొందరగా తెగిపోతోందన్నది నీ నోటికీ తెలిసింది కదా?

తమ్ముడు: తెలిసింది. ఇంకోటి కూడా తెలిసింది. గొంతు మండుతోంది.

అక్క: దానికి సగం కారణం మనమే. రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలని ఎవరో చెబితే అందరూ పట్టుకున్నారు. అది యూరపు రాతి ఇళ్ళ సంగతి, 16 నుంచి 18 డిగ్రీలు. ఏప్రిల్‌లో మారతహళ్ళి పై అంతస్తు ఫ్లాటులో గది 30 దగ్గరుంటుంది. ఆ వేడిలో 14 శాతం దగ్గరున్న ఆల్కహాల్ ముందుకొచ్చి మిగతా రుచినంతా తొక్కేస్తుంది. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే ఇదే వైన్ ఒళ్ళు కూడదీసుకుంటుంది. షాపులో కూడా చూసుకోవాలి. ఏసీ లేని గదిలో, ట్యూబ్‌లైట్ కింద నెలల తరబడి నిలబడిన సీసా ఎంత గొప్ప పేరుదైనా ఉడికిన పండులా వాసనేస్తుంది. కార్క్ కొంచెం పైకి పొడుచుకొచ్చిన సీసాను ముట్టుకోనే వద్దు.

తమ్ముడు: మిగతా సగం కారణం?

అక్క: నీ ప్లేటులో ఉంది. గోంగూర మాంసం.

తమ్ముడు: దాన్ని అనకు. అది లేకుండా నేను బెంగుళూరు రాను.

అక్క: కూర బాగుంది. వైన్‌కే దానితో కుదరలేదు. మిరపలోని కారం నాలుక మీద ఏ గ్రాహకాన్ని తట్టి మంట పుట్టిస్తుందో, ఆల్కహాల్ కూడా దాన్నే తడుతుంది. మామూలుగా ఆ గ్రాహకం 42 డిగ్రీల వేడికి స్పందిస్తుంది. ఆల్కహాల్ తగిలితే 34 డిగ్రీలకే మేల్కొంటుందని 2002లో తేల్చారు. మన ఒంటి వేడి 37 దగ్గర. అంటే ఆల్కహాల్ తగిలాక ఒంటి వేడే మంటగా తోస్తుంది. దాని మీద గుంటూరు కారం పడితే ఇంకేముంది? రెండోది గోంగూర పులుపు. తిండి పుల్లగా ఉంటే వైన్లోని పులుపు మనకు తగ్గినట్టనిపిస్తుంది. గ్రెనాష్ కలిసిన వైన్‌కు పులుపు మొదటే తక్కువ. ఆ కూర పక్కన ఇది చప్పబడిపోతుంది. అదే మిరియాల కోడి వేపుడుతోనో, కారం తగ్గించి ఉప్పు సరిగ్గా వేసిన మటన్ కీమాతోనో తాగిచూడు. ఉప్పు వగరును తగ్గిస్తుంది, మిరియం షిరాజ్‌ను లేపుతుంది.

తమ్ముడు: మిరియం నాకు రాదన్నావుగా.

అక్క: వేపుడులోది వస్తుంది. అది చాలు.

తమ్ముడు: సరే. ఇప్పుడు నా సీసా. లా రిజర్వ్. కన్వల్ గ్రోవర్ 1988లో దొడ్డబళ్ళాపురంలో తోట వేశాడు. షాంపేన్ ప్రాంతం నుంచి జార్జ్ వెసెల్ అనే నిపుణుణ్ణి పిలిపించి ఏ తీగ ఎక్కడ నిలుస్తుందో చూపించుకున్నాడు. తొంభైల నడుమ బోర్డో వైన్ నిపుణుడు మిషెల్ రోలాన్ సలహా తీసుకోవడం మొదలుపెట్టాడు. ఇక్కణ్ణుంచి బండి మీద పోయి తోట చూసి రావచ్చు. తోట తెలుసు, ఊరు తెలుసు. నాకు కావలసింది ఇది.

అక్క: అదీ కలిపినదే రా! కాబెర్నే సొవిన్యోఁ, షిరాజ్.

తమ్ముడు: కలిపినదే. కానీ ఎదురుగా కనిపించే కొండ కింద పండినది. ఊరు తెలిసిన సరుకు కలిపితే నాకు అభ్యంతరం లేదు. ఫ్రెంచివాళ్ళు మాత్రం ఈ రెంటినీ కలపరనుకుంటాను. కాబెర్నే బోర్డోది, షిరాజ్ రోన్‌ది.

అక్క: ఇప్పుడు బోర్డో నియమాలు ఒప్పుకోవు గానీ పూర్వం కలిపేవాళ్ళు. పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో బోర్డో వర్తకులు తమ వైన్ పలచనైనప్పుడు రోన్ లోయలోని ఎర్మితాజ్ కొండ షిరాజ్ తెచ్చి పోసేవాళ్ళు. ఇంగ్లండు కొనుగోలుదార్లకు అదే నచ్చేది కూడా. బోర్డో సొంత మిశ్రమం సంగతీ చూడు. అక్కడ మెర్లో ముందు పండుతుంది, కాబెర్నే వెనక పండుతుంది. సెప్టెంబరు వాన ఒకదాన్ని చెడగొడితే రెండోది నిలబెడుతుంది. వాతావరణం వేడెక్కుతోందని 2021లో ఇంకొన్ని కొత్త రకాలకు కూడా అనుమతిచ్చారు. కలపడం రైతుకు బీమా.

తమ్ముడు: మరి మన తోటలకు ఆ బీమా ఎలా?

అక్క: మన కష్టం వేరు. ఇక్కడ చలికాలం తీగ నిద్రపోదు. ఫ్రాన్సులో మంచుకు ఆకు రాల్చి నెలల తరబడి ఆగుతుంది. ఇక్కడ ఆపకపోతే ఏడాది పొడుగునా పెరుగుతూనే ఉంటుంది. అందుకే రెండుసార్లు కత్తిరిస్తారు. వేసవిలో ఒకసారి కొమ్మ కోసం, వానల చివర ఇంకోసారి కాయ కోసం. కోత జనవరి నుంచి ఎండలు ముదిరే దాకా. చలి తగ్గి ఎండ పెరిగే వేళ కాయ పండుతుంది కాబట్టి తీపి తొందరగా వచ్చేస్తుంది, గింజ వగరు ముదరడానికి వ్యవధి చాలదు. నాకు లా రిజర్వ్‌లో అదే తగులుతుంది. ముందు పండు బాగుంటుంది, ఓక్ వాసన కొంచెం పైకి తేలుతుంది, చివర్లో పచ్చి వగరు. గిగాల్‌లో వగరు పండింది.

తమ్ముడు: నాకు ఆ పచ్చి వగరే నచ్చింది. మాంసం కొవ్వును కోస్తోంది. నీ గిగాల్ మెత్తగా జారిపోతోంది.

అక్క: ఇది నిజమైన తేడా. దీన్ని నేను వాదించి గెలవలేను.

తమ్ముడు: ధరలో గెలవగలవా?

అక్క: అస్సలు గెలవలేను. ఫ్రాన్సులో ఇది పది, పదిహేను యూరోల మధ్య దొరికే రోజువారీ వైన్. ఏళ్ళ తరబడి మన దేశం విదేశీ వైన్ మీద 150 శాతం దిగుమతి సుంకం వేస్తూ వచ్చింది. రేవులో వెయ్యి రూపాయల సీసా ఆ ఒక్క లెక్కతోనే రెండున్నర వేలవుతుంది. ఆపైన దిగుమతిదారు లాభం, రాష్ట్రం ఎక్సైజ్, షాపు లాభం. అక్కడ రోజువారీ సీసా ఇక్కడ పుట్టినరోజు సీసా అవుతుంది. ధర పెరిగేసరికి మనం దాని నుంచి గొప్ప రుచి ఆశిస్తాం. అది ఇవ్వలేదు, ఇవ్వడానికి చేసిందీ కాదు. సుంకానికి కట్టిన డబ్బుకు కూడా రుచి అడిగితే ఏ వైన్ తట్టుకుంటుంది?

తమ్ముడు: కొనేవాడు కట్టేది మొత్తం ధర కదక్కా. జేబులోంచి పోయిన డబ్బులో ఇంత రుచికీ ఇంత సుంకానికీ అని ఎవడు విడదీస్తాడు? బెంగుళూరులో కూర్చుని విమర్శ రాసేవాడు బెంగుళూరు ధరకే విలువ కట్టాలి.

అక్క: రెండూ రాయాలి. వైన్ ఎలా ఉందో ఒకటి, ఇక్కడ ఈ ధరకు కొనాలా అన్నది ఒకటి. కలిపేస్తే రెండూ చెడతాయి. మొదటిదానికి నా జవాబు: చేతి పని బాగుంది, ఏటేటా నమ్మకంగా ఉంటుంది, లోతు తక్కువ, తొందరగా తెగిపోతుంది. రెండోదానికి: వంట కుదిరి, సీసా చల్లగా నిలవున్న షాపు తెలిస్తే ఎప్పుడైనా ఒకటి.

తమ్ముడు: గుండెకు మంచిదని ఇంకో లాభం కలుపుతావేమో అనుకున్నా.

అక్క: ఆ మాట నేననను. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మద్యానికి సురక్షితమైన మోతాదంటూ లేదని చెప్పింది. రుచి కోసం తాగుతున్నాం, కొంచెం తాగుతున్నాం. మందు పేరు పెట్టొద్దు.

ఈ ఇద్దరిలో నేనెవరి పక్షమో చెప్పాలి. రుచి దగ్గర అక్క పక్షం. మూడు ద్రాక్షల్లో ప్రతిదానికీ ఒక పని పెట్టి, ఆ పని జరిగేలా చూసిన చెయ్యి ఈ సీసాలో ఉంది. అడుగు మెట్టు సరుకు మీద అంత శ్రద్ధ పెట్టేవాళ్ళు ఎక్కడా ఎక్కువమంది ఉండరు. కానీ తమ్ముడి తర్వాతి ప్రశ్నకు అక్క ఇచ్చిన జవాబు నాకు పూర్తిగా సరిపోలేదు.

తమ్ముడు: చివరికి ఒకటే అడుగుతా. ఫ్రెంచి లేబుళ్ళలో చాలావాటి మీద ఏ ద్రాక్ష ఎంతుందో రాయరు. ఊరి పేరు చూసి తెలుసుకోమంటారు. ఆ ఊరి పేరుకు పెద్దగా అర్థం లేదని నువ్వే అన్నావు. ద్రాక్ష వాటా చెప్పరు, తోట చెప్పరు. మేం కారం ప్యాకెట్టు మీద ఇవేవీ రాయకపోతే కొనేవాడు ఊరుకుంటాడా? వాటాలు ఏటేటా మారతాయన్నావు. ఆ ఏడాది వాటా సీసా వెనక వేస్తే వీళ్ళకు పోయేదేంటి?

అక్క: వెయ్యాలనే అంటాను. అయితే వాళ్ళు అమ్మేది వాటాను కాదు. ఈ ఏడాది గ్రెనాష్ బాగా పండితే కొంచెం పెంచుతారు, షిరాజ్ ఎండకు వాడితే తగ్గిస్తారు. వాటా మారితేనే రుచి మారకుండా ఉంటుంది. ఆ రుచి మీద నమ్మకంతో కొంటున్నాం.

తమ్ముడు: రుచి మీద నమ్మకం సరే, లెక్క చూపించమంటున్నాను. నేను దొడ్డబళ్ళాపురం సీసాయే కొంటాను. వాళ్ళు రెండు ద్రాక్షల పేర్లయినా ముందే చెప్పారు.

అక్క: కొనుక్కో. ఆ పచ్చి వగరుకు గోంగూర కంటే వేపుడు మాంసం మేలు. ఇప్పుడే ఫ్రిజ్‌లో పెట్టు, వేపుడు దింపేసరికి చల్లబడుతుంది.